ఎక్కువ క్యాలరీల తిండి, ఎలుక మెదడు: తరచుగా అడిగే ప్రశ్నలు

‘కొవ్వు తింటే మతిమరుపు’, ‘చక్కెర మెదడును తినేస్తోంది’ లాంటి శీర్షికలు తరచూ కనిపిస్తుంటాయి. వాటిలో చాలావాటి వెనక ఉండేది ల్యాబ్‌లో బోనుల్లో పెరిగిన ఎలుకలు, చిట్టెలుకలు. ఆ బోనుల్లో అసలేం పెట్టారో, ఎన్నాళ్లు పెట్టారో, దేనితో పోల్చారో తెలియకుండా ఆ వార్తల్ని నమ్మడం సరికాదు, కొట్టిపారేయడం అంతకంటే సరికాదు. ఈ పరిశోధనల్లో నిజంగా గట్టి విషయాలున్నాయి. అన్నిటికంటే నన్ను పట్టి నిలిపేది ఒకటి: ఒంటి బరువు పెద్దగా పెరగకముందే మెదడు మారడం మొదలవుతుంది.

ల్యాబ్‌లో ‘అధిక క్యాలరీల ఆహారం’ అంటే ఏమిటి?

ఒకటి కాదు, చాలా రకాలున్నాయి. తికమకంతా ఇక్కడే మొదలవుతుంది.

ల్యాబ్ ఎలుకలకు మామూలుగా పెట్టేది ‘చౌ’. గోధుమ, మొక్కజొన్న, సోయా లాంటి ధాన్యాల పిండిని నొక్కి చేసిన గట్టి గుళికలివి. వీటిలో కొవ్వు నుంచి వచ్చే క్యాలరీలు తక్కువ, పీచు ఎక్కువ. అధిక కొవ్వు ఆహారాల్లో బాగా వాడుకలో ఉన్నవి రెండు. ఒకదానిలో మొత్తం క్యాలరీల్లో 45 శాతం కొవ్వు నుంచి వస్తాయి, రెండోదానిలో 60 శాతం. ఆ కొవ్వులో ఎక్కువ భాగం పందికొవ్వు. 60 శాతం రకంలో గ్రాముకు 5 కిలో క్యాలరీల పైమాటే. అందుకే ఈ తిండి తినే చిట్టెలుక గ్రాముల లెక్కన చౌ తినేదానికంటే తక్కువే తిన్నా, క్యాలరీల లెక్కన ఎక్కువ తిన్నట్టవుతుంది.

మూడోది ‘కేఫటీరియా డైట్’. 1976లో స్క్లఫానీ, స్ప్రింగర్ అనే పరిశోధకులు ఎలుకలకు సూపర్‌మార్కెట్‌లో దొరికే బిస్కెట్లు, చీజ్, చాక్లెట్, పీనట్ బటర్, తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్ లాంటివి పెట్టి చూశారు. కొవ్వు గుళికలకు అంతగా లావెక్కని పెద్ద ఎలుకలు కూడా ఈ వైవిధ్యానికి త్వరగా లావెక్కాయి. మనుషుల తిండికి దగ్గరగా ఉండేది ఇదే. కాకపోతే ఏ ఎలుక ఏది ఎంత తిన్నదో లెక్క కట్టడం కష్టం, పోషకాలు రోజుకో రకంగా మారిపోతుంటాయి. గుళికల్లో ఆ ఇబ్బంది ఉండదు, కానీ మనిషి పళ్లేనికి అవి దూరం. ఏది మెరుగని అడిగితే, ప్రశ్నను బట్టి ఉంటుంది. ఒక పోషకం ఏం చేస్తోందో తెలియాలంటే గుళికలు, అతిగా తినడం అనే ప్రవర్తన అర్థం కావాలంటే కేఫటీరియా.

తిండి ఎంత తిన్నాయో ఎలా కొలుస్తారు?

బోను మీద ఉన్న ఇనుప తొట్టెలో గుళికలు తూచి వేస్తారు, తర్వాత మిగిలింది తూచి తీసేస్తారు. వినడానికి తేలికే. 60 శాతం కొవ్వు గుళిక మాత్రం చేత్తో పట్టుకుంటే మెత్తగా, జిడ్డుగా ఉంటుంది. వేరే తిండితో కలిసిపోకుండా రంగు వేసి తయారు చేస్తారు. చౌ గుళికను ఎలుక కొరికి తినాల్సిందే, ఇది మాత్రం వేలితో నొక్కినా పొడిపొడి అవుతుంది. ఆ పొడి కింద చెక్కపొట్టులోకి రాలిపోతుంది. దాన్ని ఏరి తూచకపోతే, నేల మీద పడిందంతా ఎలుక కడుపులోకి పోయిందని రాసుకున్నట్టే. పైగా కొవ్వు గాలికి చెడిపోతుంది, అందుకే చల్లగా దాచి, తరచూ మార్చాలి. ‘ఎక్కువ తిన్నాయి’ అనే ఒక్క మాట వెనక ఇంత చాకిరీ ఉంటుంది. ఆ చాకిరీ జాగ్రత్తగా చేసిన ల్యాబ్ ఫలితాలకు నేను ఎక్కువ విలువిస్తాను.

కంట్రోల్ గుంపు ఏం తింటే ఏమిటి? ఏదో మామూలు తిండే కదా?

కాదు. పోలిక కోసం పెట్టుకునే గుంపే కంట్రోల్. ఫలితం నిలిచేదీ కూలేదీ ఇక్కడే.

అధిక కొవ్వు గుళికలను శుద్ధి చేసిన పదార్థాలతో చేస్తారు: పాల నుంచి తీసిన కేసిన్, స్టార్చ్, చక్కెర, పందికొవ్వు, సెల్యులోజ్. చౌ ధాన్యాలతో చేస్తారు. ఒక గుంపుకి కొవ్వు గుళికలు, ఇంకో గుంపుకి చౌ పెడితే రెండింటి మధ్య తేడా కొవ్వు ఒక్కటే కాదు. పీచు రకం వేరు, సోయాలో ఉండే మొక్కల ఈస్ట్రోజెన్లు వేరు, ప్రొటీన్ వేరు. పేగుల్లోని బ్యాక్టీరియా పీచును బట్టే చాలా మారిపోతుంది. అలాంటప్పుడు మెదడులో కనిపించిన మార్పు కొవ్వు వల్ల వచ్చిందా, పీచు లేకపోవడం వల్ల వచ్చిందా అని ఎవరు తేల్చగలరు?

అందుకే శుద్ధి చేసిన పదార్థాలతోనే చేసిన, 10 శాతం కొవ్వున్న గుళికల్ని కంట్రోల్‌గా పెడతారు. అందులోనూ ఒక మెలిక ఉంది. చాలా ఏళ్లు విరివిగా వాడిన ఒక తక్కువ కొవ్వు కంట్రోల్‌లో మొత్తం క్యాలరీల్లో 35 శాతం చక్కెర నుంచే వస్తాయి. 60 శాతం కొవ్వు గుళికల్లో చక్కెర వాటా 7 శాతం దగ్గర. అంటే ‘ఆరోగ్యకరమైన’ గుంపు, పరీక్షిస్తున్న గుంపు కంటే ఎన్నో రెట్లు చక్కెర తింటోంది. తర్వాత చక్కెరను సమానం చేసిన కంట్రోల్ గుళికలు వచ్చాయి. ఒక పరిశోధనలో ఏది వాడారో ‘పద్ధతులు’ భాగంలో ఉంటుంది. నేను మొట్టమొదట చూసేది అదే.

అన్ని ఎలుకలూ లావెక్కుతాయా?

లేదు. సి57బిఎల్/6జె అనే రకం చిట్టెలుకలు కొవ్వు తిండికి త్వరగా లావెక్కి, రక్తంలో చక్కెర పెంచుకుంటాయి. ఎ/జె రకం అదే తిండిని చాలావరకు తట్టుకుంటుంది. స్ప్రేగ్-డాలీ అనే రకం ఎలుకల్లో ఒకే మందలో కొన్ని లావెక్కుతాయి, కొన్ని సన్నగానే ఉంటాయి. బ్యారీ లెవిన్ ఈ రెండు రకాల్నీ వేరు చేసి, తరాల పాటు పెంచి, ఆ గుణం వంశపారంపర్యంగా వస్తుందని చూపించారు.

మెదడులో మొదట ఎక్కడ మార్పు కనిపిస్తుంది?

హైపోథాలమస్‌లో. మెదడు అడుగున ఉండే ఈ చిన్న భాగం ఆకలి, శరీర ఉష్ణోగ్రత, హార్మోన్లు లాంటి పనులు చూస్తుంది. 1940లోనే హెదరింగ్టన్, రాన్సన్ ఎలుకల హైపోథాలమస్‌లో ఒక చోట దెబ్బతీస్తే అవి విపరీతంగా లావెక్కుతాయని చూపించారు. తిండిని అదుపు చేసేది పొట్ట ఒక్కటే కాదని, దాని వెనక మెదడు ఉందని అప్పుడే తేలింది.

హైపోథాలమస్‌లో ఆర్క్యుయేట్ న్యూక్లియస్ అనే చోట రెండు రకాల న్యూరాన్లు (నాడీకణాలు) పక్కపక్కనే ఉంటాయి. ఎజిఆర్‌పి న్యూరాన్లు చురుగ్గా ఉంటే ఎలుక తిండి కోసం వెతుకుతుంది. పిఒఎంసి న్యూరాన్లు చురుగ్గా ఉంటే తినడం తగ్గిస్తుంది. రక్తంలో తిరిగే లెప్టిన్, ఇన్సులిన్ లాంటి హార్మోన్ల కబుర్లు ఈ న్యూరాన్లకు చేరాలి.

2005లో బ్రెజిల్‌లోని కంపీనాస్ యూనివర్సిటీ బృందం, కొవ్వు తిండి తిన్న ఎలుకల హైపోథాలమస్‌లో వాపు ప్రక్రియకు (ఇన్‌ఫ్లమేషన్) సంబంధించిన అణువులు పెరిగాయనీ, అక్కడ ఇన్సులిన్ కబురు సరిగా అందడం లేదనీ చూపించింది. శరీరంలో కొవ్వు కణజాలం వాచడం అప్పటికే తెలుసు. మెదడులోనూ అది జరుగుతుందన్నది కొత్త సంగతి.

అసలు దిగ్భ్రమ కలిగించింది 2012 నాటి పరిశోధన. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో థేలర్, ష్వార్ట్జ్ బృందం రోజులవారీగా చూసింది. కొవ్వు తిండి మొదలుపెట్టిన 1 నుంచి 3 రోజుల్లోనే, బరువు పెద్దగా పెరగకముందే, హైపోథాలమస్‌లో వాపు సంకేతాలు కనిపించాయి. మొదటి వారంలోనే న్యూరాన్లకు తోడుగా ఉండే గ్లియా కణాలు ఉబ్బి, న్యూరాన్లకు దెబ్బ తగులుతున్న గుర్తులు బయటపడ్డాయి. తర్వాత అవి కొంతకాలం సద్దుమణిగాయి. మెదడు తనను తాను కాపాడుకోవడానికి గట్టిగా ప్రయత్నించిందన్నమాట. తిండి మారకుండా అలాగే కొనసాగితే వాపు మళ్లీ వచ్చి, అక్కడే తిష్ఠ వేసింది.

శరీరంలో మిగతా చోట్ల వాపు ప్రక్రియ ఊబకాయం వచ్చాక దాని ఫలితంగా వస్తుంది. హైపోథాలమస్‌లో మాత్రం వరుస తిరగబడింది, ముందు వాపు, తర్వాత బరువు. ‘తినడం ఆపుకోలేకపోవడం వ్యక్తి బలహీనత’ అని తేలిగ్గా అనేవాళ్లు ఈ ఒక్క వరుసను గుర్తు పెట్టుకుంటే చాలు.

మూడు రోజుల్లో కొవ్వు మెదడును ఎలా తాకుతుంది?

మెదడుకు రక్షణగా రక్తానికీ న్యూరాన్లకూ మధ్య ఒక అడ్డుగోడ ఉంటుంది. ఆర్క్యుయేట్ న్యూక్లియస్ పక్కనే ఆ గోడ కాస్త పలచన, రక్తంలోని హార్మోన్ల సంగతి అక్కడ తెలియాలి కాబట్టి. అదే దారిలో సంతృప్త కొవ్వు ఆమ్లాల ప్రభావం కూడా ముందుగా అక్కడికే చేరుతుంది.

మెదడులో రోగనిరోధక పని చేసేవి మైక్రోగ్లియా కణాలు. బ్యాక్టీరియా వస్తే గుర్తుపట్టడానికి వాటి మీద టిఎల్ఆర్-4 అనే గ్రాహకం ఉంటుంది. పామిటిక్ ఆమ్లం లాంటి సంతృప్త కొవ్వులు ఎక్కువైనప్పుడు ఈ మార్గం కూడా మేలుకుంటుంది. ఏ సూక్ష్మజీవీ లేకుండానే మైక్రోగ్లియా అప్రమత్తమై, వాపు అణువుల్ని వదులుతాయి. ఇది ఊహ కాదు. మైక్రోగ్లియాను మందుతో తగ్గించేసిన చిట్టెలుకలు అదే కొవ్వు తిండి పెట్టినా తక్కువ తిన్నాయి, బరువు కూడా తక్కువ పెరిగాయి. అంటే ఈ కణాలు జరిగేదాన్ని చూస్తూ కూర్చోవడం లేదు, జరిపించడంలో వాటికీ చెయ్యి ఉంది.

లెప్టిన్ రెసిస్టెన్స్ అంటే ఏమిటి?

1949లో అమెరికాలోని జాక్సన్ ల్యాబొరేటరీలో విపరీతంగా లావెక్కే ఒక రకం చిట్టెలుకలు కనిపించాయి. వాటి ఒంట్లో ఏదో ఒక హార్మోన్ లోపించిందని డగ్లస్ కోల్‌మన్ రెండు చిట్టెలుకల రక్తప్రసరణను కలిపిన ప్రయోగాల ద్వారా ఊహించారు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ జన్యువును పట్టుకుంది. ఆ హార్మోన్ లెప్టిన్. కొవ్వు కణాలు దాన్ని తయారు చేస్తాయి, ‘నిల్వలున్నాయి’ అని మెదడుకు చెప్పడం దాని పని.

లెప్టిన్ లేని ఆ చిట్టెలుకలకు ఇంజెక్షన్ ఇస్తే సన్నబడ్డాయి. కొవ్వు తిండి తిని లావెక్కిన మామూలు చిట్టెలుకలకు ఇస్తే పెద్దగా పని చేయలేదు. ఎందుకంటే వాటి రక్తంలో లెప్టిన్ అప్పటికే దండిగా ఉంది. కొరత హార్మోన్‌ది కాదు, దాన్ని అందుకోవడంలో ఉంది. లెప్టిన్ రెసిస్టెన్స్ అంటే ఇదే. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరిగితే లెప్టిన్ అడ్డుగోడ దాటి మెదడులోకి రావడం తగ్గుతుంది. లోపలికి వచ్చినా, వాపు ప్రక్రియ వల్ల న్యూరాన్లలో ఆ కబురు ముందుకు సాగదు.

జ్ఞాపకశక్తి నిజంగా తగ్గుతుందా?

అవును. కానీ అన్ని రకాల జ్ఞాపకమూ ఒకేలా కాదు, ముందుగా దెబ్బ తినేది చోటును గుర్తు పెట్టుకునే శక్తి. అది మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం పని.

దీన్ని కొలిచే పద్ధతుల్లో నాకు బాగా నచ్చేది చాలా చిన్నది. ఎలుకను ఒక ఖాళీ పెట్టెలో వదులుతారు. అందులో ఒకేలాంటి రెండు వస్తువులుంటాయి, చిన్న సీసాల్లాంటివి. ఎలుక కొద్ది నిమిషాల పాటు రెంటినీ వాసన చూస్తుంది, మీసాలతో తడుముతుంది. తర్వాత దాన్ని బయటికి తీసి, ఒక వస్తువును వేరే మూలకు జరిపి, మళ్లీ వదులుతారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుక జరిపిన వస్తువు దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది: ‘ఇది ఇక్కడ లేదే!’ ఎంతసేపు ఆగిందన్నదే కొలత. బహుమతి తిండి లేదు, శిక్ష లేదు, ఎలుక కుతూహలం ఒక్కటే చాలు. వస్తువును జరపకుండా దాని బదులు కొత్త వస్తువు పెడితే, అది వస్తువును గుర్తుపట్టే పరీక్ష అవుతుంది. దానికి హిప్పోక్యాంపస్ మీద అంతగా ఆధారపడాల్సిన అవసరం లేదు.

2014లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో మార్గరెట్ మోరిస్ బృందం ఈ రెండు పరీక్షలూ పెట్టింది. కేఫటీరియా తిండి తిన్న ఎలుకలు, మామూలు చౌతో పాటు చక్కెర నీళ్లు తాగిన ఎలుకలు, రెండు గుంపులూ వారం తిరగకముందే వస్తువు చోటు మారిందన్న సంగతి పట్టలేకపోయాయి. కొత్త వస్తువును మాత్రం గుర్తుపట్టాయి. అంటే అవి మొద్దుబారలేదు, బద్ధకించలేదు, కళ్లు కనపడకపోవడమూ కాదు. ఒకే ఎలుకలో ఒక శక్తి పోయి ఇంకోటి నిలవడం కంటే శుభ్రమైన ఆధారం ఏముంటుంది?

2010లో కనోస్కీ, డేవిడ్‌సన్ అనే పరిశోధకులు కూడా ఇలాంటిదే చూశారు. సంతృప్త కొవ్వు, గ్లూకోజ్ కలిసిన తిండి తిన్న ఎలుకల్లో 72 గంటల్లోనే చోటు జ్ఞాపకం దెబ్బతిన్నది. మిగతా రకం జ్ఞాపకం తగ్గడానికి 30 రోజులు పట్టింది. ఇంకో ప్రయోగంలో, అదే కోవ తిండి 90 రోజులు తిన్న ఎలుకల్లో, రక్తంలోకి ఎక్కించిన ఒక రంగు పదార్థం హిప్పోక్యాంపస్‌లోకి కారింది. అడ్డుగోడకు అక్కడ చిల్లు పడిందన్నమాట.

అంతకుముందే 2002లో కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజెలెస్‌లో గోమెజ్-పినియా బృందం, కొవ్వు, శుద్ధి చేసిన చక్కెర కలిసిన తిండి రెండు నెలలు పెడితే హిప్పోక్యాంపస్‌లో బిడిఎన్ఎఫ్ అనే ప్రొటీన్ తగ్గిందని చూపించింది. న్యూరాన్ల మధ్య బంధాలు గట్టిపడడానికి ఆ ప్రొటీన్ కావాలి. అది బాగా తగ్గిన ఎలుకలే పరీక్షలో వెనకబడ్డాయి.

జ్ఞాపకం తగ్గితే తిండితో సంబంధం ఏమిటి?

హెన్రీ మొలైసన్ అనే వ్యక్తికి 1953లో మూర్ఛ తగ్గించడానికి రెండు వైపులా హిప్పోక్యాంపస్ తీసేశారు. ఆయనకు భోజనం అయిన కాసేపటికే మళ్లీ భోజనం పెడితే తినేవారు. ఇందాక తిన్న సంగతి గుర్తుండదు, కడుపు నిండిన భావనా సరిగా తెలియదు. హిప్పోక్యాంపస్ దెబ్బతిన్న ఎలుకలు కూడా ఎక్కువసార్లు తింటాయి.

డేవిడ్‌సన్, కనోస్కీ వాదన దీని మీదే నిలబడింది. ‘ఇప్పుడు కడుపు నిండింది, ఈ తిండి వాసన వచ్చినా పట్టించుకోకు’ అని అడ్డుపడడం హిప్పోక్యాంపస్ పనుల్లో ఒకటి. కొవ్వు, చక్కెర ఆ శక్తిని తగ్గిస్తాయి. అది తగ్గితే ఇంకా తింటారు, తింటే ఇంకా తగ్గుతుంది. ఈ విషవలయం నాకు నమ్మదగినదిగానే కనిపిస్తుంది, ముఖ్యంగా తిండి మారిన కొద్ది రోజుల్లోనే జ్ఞాపకం తగ్గడం చూశాక.

లావుగా ఉన్న ఎలుక పరీక్ష సరిగా చేయలేకపోతే అది జ్ఞాపకం లోపమేనా?

మంచి ప్రశ్న, ఇంకా ఎక్కువమంది అడగాలి. నీటి చిక్కుదారి పరీక్షలో ఎలుకను తెల్లటి రంగు కలిపిన నీళ్ల తొట్టెలో వదులుతారు. నీటి కింద కనపడకుండా ఉన్న చిన్న దిమ్మెను అది వెతుక్కోవాలి. లావుగా ఉన్న ఎలుక తేలికగా తేలుతుంది, ఈదే వేగం వేరుగా ఉంటుంది, తొందరగా బయటపడాలన్న ఆత్రుత తక్కువ కావచ్చు. కాబట్టి దిమ్మెను చేరడానికి పట్టిన సమయం ఒక్కటే చూస్తే పొరబడతాం. ఈదిన దూరం, వేగం, దిమ్మె తీసేశాక ఎలుక ఏ భాగంలో ఎక్కువసేపు వెతికింది, దిమ్మె పైకి కనిపించేలా పెడితే సరిగా వెళ్లిందా అన్నవి కూడా చూడాలి. తిండి ముక్క బహుమతిగా ఇచ్చే పరీక్షల్లో చిక్కు ఇంకోటి. రోజంతా కొవ్వు గుళికలు తినే ఎలుకకు ఆ ముక్క మీద మోజు ఎందుకుంటుంది?

దీన్ని వ్యసనం అనవచ్చా?

2010లో ఫ్లోరిడాలోని స్క్రిప్స్ సంస్థలో జాన్సన్, కెనీ చేసిన ప్రయోగం ఈ చర్చకు కేంద్రం. ఎలుకల మెదడులో సుఖాన్ని కలిగించే చోట చిన్న ఎలక్ట్రోడ్ పెట్టి, ఎంత విద్యుత్ ప్రవాహం ఇస్తే ఎలుకకు సరిపోతుందో కొలిచారు. రోజులో చాలా గంటలు బేకన్, కేకులు, చాక్లెట్ అందుబాటులో ఉన్న ఎలుకలకు ఆ ప్రవాహం రోజురోజుకీ ఎక్కువ కావాల్సి వచ్చింది, అంటే మామూలు స్థాయి వాటికి ఆనలేదు. మెదడులో స్ట్రయేటం అనే భాగంలో, డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే డి2 గ్రాహకాలు తగ్గాయి. కాలికి షాక్ తగలబోతోందని హెచ్చరించే దీపం వెలిగినా ఈ ఎలుకలు తినడం ఆపలేదు. మామూలు ఎలుకలు ఆపేశాయి. ఆ రుచికరమైన తిండి తీసేసి చౌ ఇస్తే చాలా రోజులు సరిగా తినలేదు. తీసేసిన 14 రోజులకు కూడా సుఖం కొలత మామూలు స్థితికి రాలేదు.

వ్యసనంతో ఈ పోలికలు నిజం. అయినా ఆ మాటను నేను ఆచితూచి వాడతాను. తిండి లేకుండా ఏ జంతువూ బతకదు, పూర్తిగా మానేయడం అనేది ఇక్కడ చికిత్స కాదు. పైగా ఈ మార్పులు వచ్చింది ఇంచుమించు రోజంతా తిండి అందుబాటులో ఉన్న ఎలుకల్లోనే. రోజుకు గంట మాత్రమే అదే తిండి దొరికిన గుంపులో సుఖం కొలత అలా దిగజారలేదు. తిండి ఎంతసేపు కళ్లెదుట ఉంటుందన్నది, అందులో ఏముందన్నంత ముఖ్యమని ఈ ప్రయోగం చెబుతోంది. శీర్షికల్లో ఆ ముక్క ఎప్పుడూ రాదు.

ఎలుకలకు ఈ తిండి బలవంతంగా పెడతారా?

ఈ రకం ప్రయోగాల్లో పెట్టరు. తొట్టెలో ఉంచుతారు, అవి ఇష్టపడే తింటాయి.

తప్పు కొవ్వుదా, చక్కెరదా?

రెండూ వేరువేరుగా కూడా హాని చేస్తాయి, కలిస్తే ఇంకా ఎక్కువ. హైపోథాలమస్ వాపు విషయంలో సంతృప్త కొవ్వు మీద ఆధారాలు బలంగా ఉన్నాయి. ఒమేగా-3 కొవ్వులు అదే చోట వాపును తగ్గించాయి, కాబట్టి ‘కొవ్వు’ అని గంపగుత్తగా తిట్టడం తప్పు. చోటు జ్ఞాపకం విషయంలో చక్కెర నీళ్లు ఒక్కటే చాలని పైన చెప్పిన ప్రయోగంలో చూశాం. మోతాదు కూడా లెక్కలోకి వస్తుంది: 2010 నాటి ఒక చిట్టెలుకల పరిశోధనలో 60 శాతం కొవ్వు తిన్నవి చిక్కుదారిలో వెనకబడ్డాయి, 41 శాతం తిన్నవి లావెక్కినా వెనకబడలేదు.

ఏ వయసులో ప్రమాదం ఎక్కువ?

లేత వయసులో. ఫ్రాన్స్‌లోని బోర్డో బృందం 2012లో, తల్లి పాలు మానిన దగ్గర్నుంచి కొవ్వు తిండి తిన్న చిట్టెలుకల్లో జ్ఞాపకం, హిప్పోక్యాంపస్‌లో కొత్త న్యూరాన్ల పుట్టుక రెండూ తగ్గాయని, పెద్దయ్యాక అదే తిండి మొదలుపెట్టిన వాటిలో తగ్గలేదని చూపించింది. చక్కెర పానీయాలతో 2015లో కనోస్కీ ల్యాబ్‌లో చేసిన ప్రయోగంలోనూ కౌమారంలో ఉన్న ఎలుకలే దెబ్బతిన్నాయి.

ఇంకా ముందుకు వెళ్తే, జర్మనీలోని కొలోన్ బృందం 2014లో పాలిచ్చే తల్లి చిట్టెలుకలకు కొవ్వు తిండి పెట్టింది. పిల్లల హైపోథాలమస్‌లో ఎజిఆర్‌పి, పిఒఎంసి న్యూరాన్ల తీగలు చేరాల్సిన చోటికి సరిగా చేరలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. చిట్టెలుకల్లో ఈ తీగలు పుట్టాక మొదటి మూడు వారాల్లో అల్లుకుంటాయి. మనిషిలో ఆ పని చాలావరకు గర్భంలోనే జరుగుతుంది. కాబట్టి ‘పాలిచ్చే తల్లులు’ అని నేరుగా మనుషులకు అంటగట్టి రాసే వార్త తప్పుదారి పట్టిస్తుంది.

ఆడ ఎలుకల మీద ఫలితాలు వేరా?

చాలా సందర్భాల్లో వేరే. 2006లో ఒక ప్రయోగంలో కొవ్వు తిండి మగ ఎలుకల హిప్పోక్యాంపస్‌లో కొత్త న్యూరాన్ల పుట్టుకను తగ్గించింది, ఆడ ఎలుకల్లో తగ్గించలేదు. ఈస్ట్రోజెన్ కొంత రక్షణ ఇస్తుంది. మగ జంతువుల మీదే చేసిన పరిశోధనలు కుప్పలుగా ఉన్నాయి, అది ఈ రంగానికి తీరని లోటు. ఒక నిర్ధారణ మగ ఎలుకల మీదే ఆధారపడి ఉంటే ఆ మాట వార్తలో మొదటి వాక్యంలోనే ఉండాలి.

ఏ వేళ తింటాయన్నది ముఖ్యమా?

ముఖ్యమే. ఎలుకలు రాత్రి జీవులు. కొవ్వు తిండి మొదలుపెట్టిన కొద్ది రోజులకే చిట్టెలుకలు పగలు కూడా తినడం మొదలుపెడతాయని 2007లో తేలింది, అంటే మెదడులోని గడియారం కూడా మారుతుంది. 2012లో సాల్క్ సంస్థలో సచ్చిదానంద పాండా బృందం అదే కొవ్వు తిండిని రాత్రి 8 గంటలు మాత్రమే అందుబాటులో ఉంచింది. క్యాలరీలు దాదాపు సమానంగానే తిన్నా, ఆ చిట్టెలుకలు లావెక్కలేదు, ఇన్సులిన్ అదుపు తప్పలేదు.

జరిగిన నష్టం తిరిగి వస్తుందా?

చాలావరకు వస్తుంది. 2004లో గోమెజ్-పినియా బృందం కొవ్వు, చక్కెర తిండి తింటున్న ఎలుకల బోనుల్లో తిరిగే చక్రాలు పెట్టింది. తిండి మారకపోయినా, పరిగెత్తిన ఎలుకల్లో బిడిఎన్ఎఫ్ తగ్గలేదు, నేర్చుకునే శక్తీ నిలిచింది. 2016లో స్ట్రానహాన్ బృందం, మూడు నెలలు కొవ్వు తిన్న చిట్టెలుకల హిప్పోక్యాంపస్‌లో మైక్రోగ్లియా న్యూరాన్ల బంధాలను కొరికి తీసేస్తున్నాయని గమనించింది. తర్వాత రెండు నెలలు తక్కువ కొవ్వు తిండి పెడితే బంధాలూ జ్ఞాపకమూ కోలుకున్నాయి.

అయితే అన్నీ కోలుకోవు. చాలాకాలం కొవ్వు తిన్న చిట్టెలుకల్లో పిఒఎంసి న్యూరాన్ల సంఖ్యే తగ్గిందని థేలర్, ష్వార్ట్జ్ బృందం 2012 పరిశోధనలో ఉంది. పోయిన న్యూరాన్ తిరిగి రావడం, నీరసించిన న్యూరాన్ తేరుకోవడం ఒకటి కాదు. అందుకే ఎన్నాళ్లు తిన్నాయన్నది, ఏం తిన్నాయన్నంతగా చూడాలి.

మనుషులకు ఇది ఎంతవరకు వర్తిస్తుంది?

దిశ వర్తిస్తుంది, అంకెలు వర్తించవు. చిట్టెలుక మెదడు అర గ్రాము కూడా ఉండదు, ఎలుకది 2 గ్రాములు, మనిషిది 1300 గ్రాముల పైమాట. చిట్టెలుక ఆయుష్షు రెండేళ్ల పైచిలుకు. దాని మూడు నెలలు మన మూడు నెలలు కావు. క్యాలరీల్లో 60 శాతం కొవ్వు నుంచే తినే మనుషులు అరుదు.

అయినా పట్టించుకోవాల్సిన ఆధారాలున్నాయి. థేలర్, ష్వార్ట్జ్ బృందం 2012 పరిశోధనలోనే ఊబకాయం ఉన్న మనుషుల ఎంఆర్ఐల్లో హైపోథాలమస్ దగ్గర గ్లియా మార్పుల గుర్తులు కనిపించాయి. 2020లో ఆస్ట్రేలియాలోని మక్వారీ యూనివర్సిటీ బృందం, సన్నగా ఆరోగ్యంగా ఉన్న యువతీ యువకుల్ని ఒక వారం పాటు కొవ్వు, చక్కెర ఎక్కువున్న తిండి తినమంది. వారం తర్వాత హిప్పోక్యాంపస్ మీద ఆధారపడే జ్ఞాపక పరీక్షల్లో వాళ్లు వెనకబడ్డారు. కడుపు నిండుగా ఉన్నప్పుడు కూడా తీపి చిరుతిళ్లు తినాలన్న కోరిక పెరిగింది. జ్ఞాపకం ఎవరికి ఎక్కువ తగ్గిందో, ఆకలి అదుపు కూడా వాళ్లకే ఎక్కువ తప్పింది. ఎలుకల్లో డేవిడ్‌సన్, కనోస్కీ చెప్పిన విషవలయం ఆనవాళ్లు మనుషుల్లో ఒక్క వారంలో కనిపించాయి.

ఈసారి ఇలాంటి వార్త చూస్తే ఏం వెతకాలి?

ఎలుకలా చిట్టెలుకలా, మగా ఆడా, ఏ వయసు, కొవ్వు ఎంత శాతం, కంట్రోల్‌గా చౌ పెట్టారా లేక చక్కెర సమానం చేసిన గుళికలా. వార్తలో ఇవి లేకపోతే మూల పరిశోధన వ్యాసం తెరవండి. బరువు తేడా రాకముందే కొలిచారా, వచ్చాక కొలిచారా అన్నది కూడా చూడండి. మెదడులో మార్పు ఊబకాయం ఫలితమా, తిండి ఫలితమా అని తేల్చేది అదే. ఇంకొక్కటి, చాలామంది వదిలేసేది, గది ఉష్ణోగ్రత. చిట్టెలుకలకు ఒంటికి హాయిగా ఉండేది 30 డిగ్రీల దగ్గర. ల్యాబ్‌లు మనుషుల సౌకర్యం చూసుకుని 22 డిగ్రీల దగ్గర ఉంచుతాయి. ఆ చలిలో చిట్టెలుక తిన్న క్యాలరీల్లో మంచి వాటా ఒంటిని వేడిగా ఉంచుకోవడానికే ఖర్చవుతుంది. అదే తిండి వెచ్చని గదిలో పెడితే బరువు, జీవక్రియల ఫలితాలు మారవచ్చు. రెండు ల్యాబ్‌ల లెక్కలు కలవనప్పుడు ఉష్ణోగ్రత ఎంత అని రాశారో పక్కపక్కన పెట్టి చూడండి.